లెక్క చెప్పే నాయకత్వం

నాయకుడు అనే మాట తెలుగు సాహిత్య విద్యార్థికి మొదట అలంకారశాస్త్రంలో ఎదురవుతుంది. ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు - ఈ నాలుగు రకాలూ ఎం.ఏ. పరీక్షకు మేమందరం వల్లెవేసినవే. ఈ విభజన అంతా గుణాలమీద ఆధారపడి ఉంది. నాయకుడు ఎటువంటివాడు అన్నదే అక్కడి ప్రశ్న. అతడు ఎవరికి జవాబు చెప్పుకోవాలి అన్న ప్రశ్న ఆ శాస్త్రానికి పుట్టలేదు. రాజును ప్రజ నిలదీసే వ్యవస్థ లేనప్పుడు పుట్టే అవకాశమూ లేదు.

ఇవాళ మన కళాశాలల్లో "నాయకత్వ శిక్షణ" పేరుతో తరగతులు జరుగుతున్నాయి. ఆత్మవిశ్వాసం పెంచుకోవడం, వేదికమీద బెరుకు లేకుండా మాట్లాడడం, త్వరగా నిర్ణయం తీసుకోవడం - వాటిలో నేర్పేవి ప్రధానంగా ఇవి. పరిభాష కొత్తదే గాని ప్రశ్న పాతదే. నాయకుడు ఎటువంటివాడు? అతని గుణాలేమిటి? ఈమధ్య ఈ శిక్షణకు "పర్యావరణ బాధ్యత", "సామాజిక బాధ్యత" అనే రెండు విశేషణాలు కూడా చేరాయి. అయితే విశేషణం చేర్చినంతమాత్రాన విశేష్యం మారదని వ్యాకరణం చదివినవాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

నా వాదం ఇది. నాయకత్వాన్ని గుణంగా చూసినంతకాలం బాధ్యత దానికి అతుకులాగే ఉంటుంది. దాన్ని సంబంధంగా చూడాలి. నలుగురికీ చెందిన ఒక ఉమ్మడి ఆస్తి, దానిమీద బతికే జనం, ఆ జనం ఎదుట నిలబడి ఆ ఆస్తి లెక్క చెప్పవలసిన మనిషి - ఈ మూడూ కలిసినచోట మాత్రమే బాధ్యతగల నాయకత్వం పుడుతుంది. యువజనులను తయారుచేయడమంటే వాళ్లను ఈ మూడింటి నడుమకు తీసుకుపోవడం. ఈ పనిలో సాహిత్యకారులకు ఒక ప్రత్యేకమైన పాత్ర ఉన్నది. చిట్యాల పరిసరాల్లో పాఠం చెబుతున్న తెలుగు పంతులుగా ఆ పాత్ర ఏమిటో ఇక్కడి ఉదాహరణలతోనే వివరించడానికి ప్రయత్నిస్తాను.

చెరువు - కల్లం

మా చిట్యాల 2016 వరకు వరంగల్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉన్నది. ఈ ప్రాంతం కాకతీయుల చెరువుల నడుమ ఉన్న ప్రాంతం. గణపురంలో గణపసముద్రం, పాలంపేటలో రామప్ప, ఆ పక్కన లక్నవరం, ఇంకొంత దూరంలో పాకాల. రామప్ప గుడి శాసనం 1213 నాటిది. ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు పత్రికలన్నీ శిల్పాల గురించి రాశాయి. గుడి పక్కనే ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలు పారిస్తున్న చెరువు గురించి రాసింది తక్కువ.

చెరువు ఎట్లా పనిచేసేదో కొంచెం చూద్దాం. కట్ట, తూము, అలుగు - ఇవి చెరువు అంగాలు. తూము కింద పారే భూమి ఆయకట్టు. తూము ఎప్పుడు తెరవాలి, ఎంతసేపు తెరవాలి, ఏ మడికి ఎప్పుడు నీరు చేరాలి అన్నది చూసే మనిషి నీరటికాడు. అతనికి నెల జీతం లేదు. పంట చేతికొచ్చినప్పుడు కల్లం దగ్గర ఆయకట్టు రైతులు కొలిచి ఇచ్చే గింజలే అతని కూలి. దీన్నే మేర అంటారు. ఈ ఏర్పాటులో ఒక సూక్ష్మం ఉన్నది. తూము దగ్గరి మడికి నీళ్లు నిండుగా పెట్టి, చివరి మడిని ఎండగట్టిన నీరటికాడు కల్లం కాడికి వచ్చినప్పుడు ఆ చివరి మడి రైతు ఎదురుగానే నిలబడి ఉంటాడు. నీటి పంపకం న్యాయంగా జరిగిందా లేదా అన్న విచారణ గింజలు కొలిచేచోటనే జరిగిపోతుంది. మన భాషలో "కల్లంకాడ లెక్క" అన్న మాటకు ఉన్న బరువు ఇదే.

ఇదంతా స్వర్ణయుగమని నేను చెప్పడం లేదు. నీరటికాడు సాధారణంగా అట్టడుగు కులంవాడు. చెరువుమీద పెత్తనం దొరది. శిఖం భూమిని ఆక్రమించుకొనే బలం కూడా అతనిదే. ఊరి భూముల లెక్కంతా పట్వారీ దస్త్రంలో ఉండేది. ఆ దస్త్రం చదవగలిగినవాడు చాలా ఊళ్లల్లో అతడొక్కడే. నీరటికాడు లెక్క చెప్పేవాడు గాని అతనికి అధికారం లేదు. పట్వారీకి అధికారం ఉన్నది గాని అతడు ఎవరికీ లెక్క చెప్పేవాడు కాడు. మన గ్రామాల్లో నాయకత్వ సమస్య అంతా ఈ రెండు మాటల్లో ఉన్నదని నాకు తోస్తుంది. పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. ఆ బుద్ధి మాత్రం ఆ దస్త్రాలతో పాటు పోలేదు.

పట్వారీ ఊళ్లో అందరికన్నా ఎక్కువ చదువుకొన్నవాడన్న విషయం మరచిపోకూడదు. యువతకు చదువు చెబితే చాలు, బాధ్యత దానంతటదే వస్తుందనే వాదానికి ఇదే సమాధానం. చదువు లెక్కను దాచడానికీ పనికొస్తుంది, విప్పి చెప్పడానికీ పనికొస్తుంది. ఏది నేర్పుతున్నాం అన్నదే ప్రశ్న.

సంఘం నేర్పిన పద్ధతి

లెక్కను విప్పి చెప్పే చదువు తెలంగాణలో ఒకప్పుడు ఎట్లా మొదలైందో చూద్దాం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం స్థాపితమయ్యాయి. 1921లో ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. ఈ సంఘం చేసిన పనుల్లో మన చర్చకు అవసరమైనది ఒకటున్నది. వెట్టిచాకిరీని నిషేధిస్తూ నిజాం ప్రభుత్వం ఉత్తర్వులు ఇచ్చి ఉన్నా, అవి ఉర్దూలో ఉన్నందువల్ల, దొరలూ గ్రామాధికారులూ చెప్పనందువల్ల, వెట్టి చేసే మనిషికి వాటి సంగతే తెలియదు. సంఘం వెట్టిచాకిరీ మీద చిన్న పుస్తకం అచ్చువేసి తెలుగులో ఊళ్లకు పంచింది. వర్తకులమీద ఉన్న ఆంక్షల గురించి, మొహతర్ఫా పన్ను గురించి కూడా ఇటువంటి చిన్న పుస్తకాలే వచ్చాయి.

అందులో కవిత్వం లేదు, ఆవేశం లేదు. ఉత్తర్వు ఏం చెబుతుందో సులభమైన తెలుగులో వివరించిన వచనం ఉన్నది. కాని ఆ వచనం చదివి వినిపించిన యువకుడు ఊళ్లో మొదటిసారిగా దొర ముఖంమీద "ఇది ప్రభుత్వం నిషేధించిన పని" అని చెప్పగలిగాడు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన ఆంధ్రమహాసభ, తరువాతి పదిహేనేళ్లలో ఊరూరా సంఘంగా మారడానికి ఈ వివరణాత్మక వచనమే ఒక పునాది.

ఈ క్రమాన్ని నవలగా చూపినవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన జీవితమే ఇందుకు ఒక ఉదాహరణ. వంటపని చేస్తూ, హోటల్లో పనిచేస్తూ చదువుకొన్నాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకొని ఊళ్లు తిరిగి అమ్మాడు. ఆయన నవల 'ప్రజల మనిషి'లో కంఠీరవం దిమ్మెగూడెం దొరను ఎదిరించే యువకుడు. అతడు అలంకారశాస్త్రంలోని ఏ కోవకూ చెందడు. పుట్టుకతో వచ్చిన ధీరత్వం అతన్ని నాయకుణ్ణి చేయదు. పుస్తకం, స్నేహితులు, ఊరివాళ్ల కష్టం అతన్ని తీర్చుతాయి. నవల పేరులోనే ఆళ్వారుస్వామి తన సిద్ధాంతం చెప్పాడు. 'నాయకుడు' అనలేదు, 'మనిషి' అన్నాడు. ఆ మనిషి ఎవరివాడో కూడా ఆ పేరులోనే చెప్పాడు. షష్ఠీ విభక్తి ఇంత పని చేసిన నవల పేరు మనకు మరొకటి తక్కువ.

ఇక పాలకుర్తి ఐలమ్మ. ఆమె ఇంటిపేరు చిట్యాల. మా ఊరి పేరుతో కలవడం వల్ల పిల్లలు తరచు అడుగుతారు గాని ఆమె పోరాటభూమి ఇప్పటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. విసునూరు దేశ్‌ముఖ్ ఆమె కౌలుభూమినీ పంటనూ కాజేయబోతే ఆమె సంఘంలో చేరి, సంఘం కార్యకర్తల అండతో పంట ఇంటికి చేర్చుకొన్నది. ఏ కళాశాలలోనూ చదవని ఐలమ్మ పేరు 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. గౌరవించవలసిన పనే. అయితే ఆ విశ్వవిద్యాలయంలో చదివే అమ్మాయి ఐలమ్మ నుంచి నేర్చుకోవలసింది సాహసం ఒక్కటే కాదు. తన భూమి తగాదాను ఆమె తన ఇంటి తగాదాగా ఉంచుకోలేదు, సంఘం ముందు పెట్టింది. ఒకరి పంటను అందరి పంటగా కాపాడిన ఆ క్షణంలో అక్కడ ఎందరు యువకులు నాయకులుగా తయారయ్యారో చరిత్ర చెబుతుంది.

నాటిన చెట్టు, బతికిన చెట్టు

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. యువతకు పర్యావరణ చైతన్యం కలిగించే ప్రయత్నాలు మన దేశంలో లేకపోలేదు. జాతీయ సేవా పథకం 1969లో మొదలైంది. రెండేళ్లలో 240 గంటల సేవ ఇందులో విద్యార్థి చేయాలి. 1976లో 42వ సవరణ ద్వారా ప్రకృతిని రక్షించడం పౌరుని ప్రాథమిక విధుల్లో చేరింది. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1991లో పర్యావరణాన్ని విద్యాసంస్థల్లో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని ఆదేశించింది. ఆ తరువాత డిగ్రీ విద్యార్థులకు పర్యావరణ అధ్యయనం పాఠ్యప్రణాళికలో వచ్చింది. అయితే పరీక్షలో ఓజోన్ పొర గురించి పది మార్కుల జవాబు రాసినవాడికి తన ఊరి చెరువు శిఖం ఎన్ని ఎకరాలో తెలియకపోవచ్చు. పాఠ్యాంశం ఉన్నది, లెక్క అప్పజెప్పడం లేదు.

మొక్కలు నాటే కార్యక్రమం తీసుకోండి. తెలంగాణలో 2015లో హరితహారం మొదలైనప్పటినుంచి ప్రతి వానాకాలం మా పిల్లలు మొక్కలు నాటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ఒక మంచి నిబంధన పెట్టింది. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతకాలి. లేకపోతే సర్పంచి, కార్యదర్శి జవాబుదారులు. అంటే నాటడాన్ని గాక బతకడాన్ని లెక్కించాలని చట్టమే చెప్పింది. కాని ఫోటో దిగేది నాటే రోజునే. బతికిందా లేదా అని చూసే రోజున ఫోటో తీసేవాళ్లుండరు.

బడి విడిచి ఇంటరు, డిగ్రీ చదువుతున్న మా పాత విద్యార్థులు కొందరు సెలవుల్లో ఒక పని చేశారు. పక్క ఊళ్లో రోడ్డు వెంబడి, బడి చుట్టూ నాటిన మొక్కలను లెక్కపెట్టి నోటుపుస్తకంలో మూడు గీతలు గీశారు - నాటినవి, బతికినవి, చావడానికి కారణం. మూడో గడిలో మూడు రకాల జవాబులు వచ్చాయి. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరు రాకపోవడం, కరెంటు తీగల కింద నాటినందువల్ల కొట్టివేయడం, మేకలు తినడం. ఈ పట్టికను వాళ్లు గ్రామసభలో చదివారు. చదవడం పూర్తికాగానే ఒక ముసలి మేకల కాపరి లేచి అన్నాడు: "బిడ్డా, మ్యాకలు తిన్నయని రాసిన్రు. మంచిదే. మ్యాకలు మేసే జాగ ఎటువొయిందో గది గూడ రాయున్రి."

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి మళ్లీ తిరిగి ఊరి బీడు, బంచరాయి ఎవరి చేతుల్లోకి పోయిందో పెద్దవాళ్లను అడిగి రాసింది. పట్టికకు నాలుగో గడి వచ్చింది. నా దృష్టిలో ఆమె ఆ రోజు నేర్చుకొన్నది ఏ నాయకత్వ శిబిరంలోనూ దొరకదు. మొదటి మూడు గళ్లు పర్యావరణం. నాలుగో గడి సమాజం. చెట్టును కాపాడే లెక్కలో మేకల కాపరి బతుకు పడకపోతే ఆ లెక్క అతని మీదికి వచ్చే శిక్షగా మారుతుంది. పర్యావరణ బాధ్యత, సామాజిక బాధ్యత అని రెండు వేర్వేరు అధ్యాయాలుగా పాఠాలు చెప్పేవారు ఈ నాలుగో గడిని ఒకసారి చూడాలి. ఆ గడి పిల్లలకు తోచింది కాదు. ప్రశ్నించగలిగిన జనం ఎదుట నిలబడి చదివినందువల్ల వచ్చింది.

బొగ్గు, నీరు, నివేదిక

మా జిల్లాలో ఈ ప్రశ్న ఇంకా పెద్ద రూపంలో ఉన్నది. భూపాలపల్లి బొగ్గు పట్టణం. భూగర్భ గనులున్నాయి, ఉపరితల గనులున్నాయి. సింగరేణి కంపెనీలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. కాకతీయుల గణపసముద్రం ఉన్న గణపురం మండలంలోనే ఈ కేంద్రమూ ఉన్నది. ఒకే మండలంలో పదమూడో శతాబ్దపు చెరువు, ఇరవై ఒకటో శతాబ్దపు పొగగొట్టం. ఒకే ఇంట్లో అన్న గనిలో పనిచేస్తాడు, తమ్ముడు చెరువు కింద వరి పండిస్తాడు. కనుక బొగ్గు వద్దు అన్న ఒక్క నినాదంతోనో, అభివృద్ధికి అడ్డుపడవద్దు అన్న మరొక నినాదంతోనో తేలే వ్యవహారం కాదిది. ఈ జిల్లాలో నాయకత్వం వహించే యువకుడు ఆ అన్నకూ ఆ తమ్ముడికీ ఇద్దరికీ జవాబు చెప్పగలిగి ఉండాలి.

అందుకు చట్టం ఒక వేదిక ఇచ్చింది. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం పెద్ద గనులకూ పరిశ్రమలకూ ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. సభకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. నివేదిక సారాంశం ఇంగ్లీషులోనే గాక ఆ ప్రాంతపు భాషలో కూడా అందుబాటులో ఉంచాలి. సభకు కలెక్టరుగాని, ఆయన తరఫున అదనపు జిల్లా మేజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారిగాని అధ్యక్షత వహిస్తారు. వచ్చిన ప్రతి మనిషికీ ప్రశ్న అడిగే హక్కు ఉన్నది. సభ అంతా వీడియో తీయాలి. చివర, వచ్చిన అభిప్రాయాలన్నీ రాసి స్థానిక భాషలో చదివి వినిపించాలి. అయితే ఇంతమంది రావాలన్న కోరం నిబంధన లేదు. పదిమంది వచ్చినా సభ సభే.

ఇప్పుడు సాహిత్య విద్యార్థులు గమనించవలసిన విషయం చెబుతాను. ఆ సారాంశం తెలుగులో ఉంటుంది గాని ఆ తెలుగు ఎవరి తెలుగు? అటువంటి సారాంశం ఒకదాన్ని మా పాత విద్యార్థులతో కూర్చొని చదివాను. అర్థం కాని మాటల కింద గీత గీయమన్నాను. మొదటి పుటలోనే గీత పడని వాక్యాలు తక్కువ. బొగ్గు పొరమీద తవ్వి పోసే మట్టిని "అధిభారం" అని రాశారు. మా ప్రాంతంలో గనిలో దిగే కార్మికుడు దాన్ని ఓబీ మట్టి అంటాడు. రైతు "మట్టి గుట్ట" అంటాడు. "అధిభారం" అని ఎవరూ అనరు. దుమ్ము ఎక్కడ లేస్తుందో, బావుల్లో నీరు ఎంత దిగుతుందో, గని మూసిన తరువాత ఆ గుంత ఏమవుతుందో చెప్పవలసిన వాక్యాల్లో కర్త లేడు. "చర్యలు తీసుకోబడును" అని ఉంటుంది. ఎవరు తీసుకొంటారు? ఎప్పటిలోగా? కర్మణి వాక్యం ఇక్కడ వ్యాకరణ విషయంగా మిగలదు. బాధ్యత వహించవలసినవాడు వాక్యంలోంచి తప్పించుకొనే దారి అది.

ఆ పిల్లలకు నేను ఇచ్చిన అభ్యాసం ఒక్కటే. ప్రతి "బడును"నూ విప్పి కర్తను పెట్టి రాయండి. కర్త దొరకనిచోట ప్రశ్నగా మార్చండి. "నీరు చల్లబడును" అన్నది "నీరు ఎవరు చల్లుతారు, రోజుకు ఎన్నిసార్లు, ఏ చెరువునుంచి తెస్తారు?" అయింది. బడిలో వాక్యభేదాలు అనే పాఠం చెబుతాం. కర్తరి, కర్మణి మార్పు మూడు మార్కుల ప్రశ్న. అదే మార్పు ప్రజాభిప్రాయ సేకరణలో ఒక ఊరి నీటి ప్రశ్న కావచ్చునని ఆ రోజు పిల్లలు చూశారు.

పక్క రాష్ట్రం, పక్క జిల్లా

ఇది అతిశయోక్తిగా తోచేవారికి కేరళ అనుభవం చెప్పాలి. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తును 1962లో స్థాపించినవారు మలయాళంలో విజ్ఞానశాస్త్ర విషయాలు రాసే రచయితలు. శాస్త్రాన్ని మాతృభాషలో చెప్పడం వాళ్ల మొదటి ఆశయం. సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ఆనకట్ట ప్రతిపాదన వచ్చినప్పుడు ఆ పరిషత్తే 1970ల చివర దాని సాంకేతిక, ఆర్థిక, సామాజిక పరిణామాలమీద అధ్యయనం ప్రచురించి ఊరూరా చర్చపెట్టింది. సుగతకుమారి వంటి కవులు తోడయ్యారు. ఆ పథకం ఆగిపోయింది. 1984లో ఆ అడవిని జాతీయ పార్కుగా ప్రకటించారు. కవిత్వం కదిలించింది, నిజమే. కాని దాని పక్కన లెక్కలు వివరించిన వచనం ఉన్నది. ఆ రెండూ కలిసి నడిచాయి.

మన తెలుగునాట కూడా ఇటువంటి ఉదాహరణ ఉన్నది. నెల్లూరు జిల్లాలో 1990లో అక్షరదీపం పేరుతో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. కొత్తగా చదవడం నేర్చిన స్త్రీలు తమ వాచకంలోని సారా పాఠాన్ని తమ ఇంటి కథగా చదువుకొన్నారు. దూబగుంటలో మొదలై 1992 నాటికి జిల్లా అంతటా సారా వ్యతిరేక పోరాటం పాకింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. ఒక వాచక పాఠం ఇంత పనిచేసిందంటే కారణం, దాన్ని చదివినవాళ్లు ఒంటరిగా ఇంట్లో చదువుకోలేదు. రాత్రి బడిలో పదిమంది కలిసి చదివారు, చదివినదానిమీద మాట్లాడుకొన్నారు. బ్రెజిల్ విద్యావేత్త పాలో ఫ్రెయిరీ అక్షరాన్నీ లోకాన్నీ కలిపి చదవాలని చెప్పిన సూత్రం మన నెల్లూరు స్త్రీలు ఆయన పేరు వినకుండానే ఆచరించారు.

మాకు ఇంకా దగ్గరివి రెండు ఊళ్లున్నాయి. 1997-98లో వరంగల్ జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలతో దేశమంతటా వార్తల్లోకెక్కింది. పురుగుమందు పురుగును గాక మనిషిని చంపింది. ఆ జిల్లాలోనే లింగాల ఘనపురం మండలం ఏనబావి అనే చిన్న పల్లె - సుమారు 50 కుటుంబాలు - 2006లో రసాయన ఎరువులూ పురుగుమందులూ లేని ఊరుగా తన్ను తాను ప్రకటించుకొన్నది. ఏ ఒక్క రైతు ఆదర్శమో ఇది కాదు. ఒక్కడు మందు మానినా పక్క చేనివాడు కొడితే ఫలితం దక్కదు. కాబట్టి ఊరంతా కూర్చొని కట్టుబాటు చేసుకోవలసి వచ్చింది. గీసుగొండ మండలం గంగదేవిపల్లి ఇంకొక ఉదాహరణ. తాగునీరు, పారిశుద్ధ్యం, చదువు - పనికొక కమిటీ వేసుకొని ఇంటింటి మనిషికీ ఏదో ఒక బాధ్యత అప్పజెప్పిన ఊరు అది. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం పొందింది. ఈ ఊళ్లకు వచ్చేవాళ్లు సాధారణంగా "ఇక్కడి నాయకుడెవరు?" అని అడుగుతారు. అక్కడ నేర్చుకోవలసిన ప్రశ్న మాత్రం "ఇక్కడ ఎవరి లెక్క ఎవరు అడుగుతారు?" అన్నది.

సాహిత్యకారుల కర్తవ్యం

ఒక ఆక్షేపణ వస్తుంది. నివేదికలు విప్పి చెప్పడం, మొక్కలు లెక్కపెట్టడం సాహిత్యం పనేనా? రచయిత సృజన చేయాలి గాని గుమాస్తా పని చేయడమేమిటి? ఈ ఆక్షేపణను తేలికగా కొట్టిపారేయను. కథను పట్టికగా మారిస్తే కథా చస్తుంది, పట్టికా చస్తుంది. చెరువుమీద మంచి కథ రాయగలిగినవాడు కథే రాయాలి.

అయితే మన అభ్యుదయ సాహిత్యం పోరాడే నాయకుణ్ణి ఎంత బాగా చిత్రించిందో, గెలిచిన మర్నాడు లెక్క చెప్పవలసిన నాయకుణ్ణి అంత బాగా చిత్రించలేదు. దొర గడీ కూలిన రోజుతో నవల ముగుస్తుంది. ఆ గడీ భూమి ఎవరికెంత పంచారు, చెరువు తూము తాళం ఎవరి చేతికొచ్చింది, చివరి మడికి నీరు అందిందా అన్నది నవల బయటే ఉండిపోయింది. ఆ ఖాళీలోకే కొత్త పట్వారీలు ప్రవేశించారు. ఇది విమర్శకులు పూరించవలసిన ఖాళీ. ఒక నవలలోని నాయకుని గురించి రాసేటప్పుడు అతని త్యాగం, సాహసం ఎంత అని తూచినట్టే, అతడు ఎవరి ఎదుట నిలబడి జవాబు చెప్పాడు అని కూడా అడగాలి. ఈ ఒక్క ప్రశ్న మన విమర్శలో చేరితే సాహిత్య విద్యార్థి నాయకుడు అనే మాటను అలంకారశాస్త్రంలోంచి గ్రామసభలోకి తెచ్చుకోగలుగుతాడు.

రెండవది, వివరణాత్మక వచనాన్ని మనం తక్కువ చూపు చూడడం మానాలి. ఆంధ్ర జనసంఘం వెట్టి పుస్తకాన్ని ఏ సాహిత్య చరిత్రా గొప్ప రచనగా పేర్కొనదు. కాని ఆ పుస్తకం లేకపోతే తరువాతి పాటలు పాడుకొనే గొంతులు ఎన్ని లేచేవి? ప్రతి జిల్లాలో రచయితల సంఘం శాఖకు నలుగురైదుగురు తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ ప్రకటన వెలువడిన రోజునుంచి సభ దాకా 30 రోజులుంటాయి. ఆ 30 రోజుల్లో ఆ సారాంశాన్ని ఊరి తెలుగులో తిరగరాయగలం. అనుకూలంగానో వ్యతిరేకంగానో రాయనక్కరలేదు. ఉన్నది ఉన్నట్టు, కర్తను కర్త స్థానంలో పెట్టి రాస్తే చాలు. తీర్పు ఊరివాళ్లే చెప్పుకొంటారు.

మూడవది, ఈ పని యువజనులచేతనే చేయించాలి, మనం చేసి వాళ్లచేతికి ఇవ్వకూడదు. పద్ధెనిమిదేళ్లకు ఓటు, ఇరవై ఒక్క ఏళ్లకు పంచాయతీలో పోటీచేసే అర్హత మన చట్టం ఇచ్చింది. ఈ మూడేళ్లలో ఒక యువతి తన ఊరి ఒక్క ఉమ్మడి ఆస్తి - చెరువో, బీడో, తాగునీటి ట్యాంకో - లెక్కను రాసి, గ్రామసభలో చదివి, ప్రశ్నలు విని, లెక్కను తిరగరాసి ఉంటే, ఆమె పోటీచేసే నాటికి ఆమెకు వేరే నాయకత్వ శిక్షణ అక్కరలేదు. పోటీచేయకపోయినా నష్టం లేదు. గెలిచినవాణ్ణి ఏం అడగాలో ఆమెకు తెలుస్తుంది. ఒక ఊళ్లో అటువంటి నలుగురుంటే గెలిచినవాడు కూడా బాధ్యత నేర్చుకొంటాడు.

మిషన్ కాకతీయ పేరుతో 2015లో తెలంగాణలో చెరువుల పూడిక తీయడం మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులున్నాయని అప్పుడు లెక్కతేల్చారు. పూడిక యంత్రంతో తీయవచ్చు. కట్ట కాంట్రాక్టరు పోయవచ్చు. తూము దగ్గర నిలబడి, చివరి మడిదాకా నీరు పోయిందని చెప్పి, పోకపోతే ఎందుకు పోలేదో చెప్పే మనిషిని మాత్రం ఏ పథకమూ తయారుచేయలేదు. ఆ మనిషిని బడి, సంఘం, సాహిత్యం కలిసి తయారుచేయాలి. మన వంతు పని తెలుగు వాక్యంతో మొదలవుతుంది.